పంక్తిభేదము

తెలుగువారి యిండ్లలో భోజనమునకు సంబంధించిన ప్రాచీన నియమ మొకటి కలదు. ఒకే పంక్తియందు కూర్చుండినవారికి వడ్డనలో భేదము చూపరాదు. ఒకనికి నెయ్యియు, ప్రక్కవానికి నీళ్ళమజ్జిగయు వడ్డించుట తప్పని పెద్దలు భావించిరి. దీనికే పంక్తిభేదమని పేరు. పెండ్లియందైనను, పండుగనాడైనను, పంక్తికి మొదట కూర్చుండిన పెద్దవాని విస్తరిలోనికి వచ్చిన పదార్థమే చివర కూర్చుండిన పసివాని విస్తరిలోనికిని రావలయును. ఈ నియమము సమత్వము కొఱకు, మర్యాద కొఱకు ఏర్పడినది. అయితే నేటి కాలమున నిది పిల్లల ఆరోగ్యమును కాపాడు సూత్రముగా కూడ నుపయోగపడుచున్నది. అది యెట్లో గ్రహించుటకు ముందు, నేటి బాలబాలికలకు సంభవించుచున్న యొక క్రొత్త కష్టమును తెలిసికొనవలయును.

ఒకప్పుడు మన దేశమున పిల్లల ఆహారమును గూర్చి తలచినంతనే వైద్యులకు స్ఫురించునది కొఱతయే. నేటి తమిళనాడునందలి కూనూరులో 1918వ సంవత్సరమున, బెరిబెరి యను వ్యాధిని పరిశోధించుటకై రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు ఒక చిన్న గదిలో పరిశోధన నారంభించెను. మిక్కిలి మరపట్టిన బియ్యమునే ప్రధానముగా తినువారికి జీవసత్త్వలోపముచే వచ్చు వ్యాధి యది. ఆ చిన్న పరిశోధనశాలయే క్రమముగా పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చెను. 1969 నుండి దానికి జాతీయ పోషకాహార సంస్థ యని పేరు. కొఱతను తీర్చు మార్గములను వెదకుటతో మొదలైన ఆ సంస్థ, 2024లో దేశప్రజల కొఱకు వెలువరించిన 17 ఆహారసూత్రములలో స్థూలకాయమును నివారించుకొనుడని కూడ హెచ్చరింపవలసివచ్చినది. నూఱేండ్లలో కాలమెంత మారినదో దీనివలన తెలియును.

కొఱత తొలగిపోయినదని దీని కర్థము కాదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 5 సంవత్సరములలోపు పిల్లలలో నూటికి 35 మందికి పైగా వయస్సునకు తగిన ఎత్తు లేనివారు. అదే సర్వేలో, ఎత్తునకు మించిన బరువుగల పిల్లలు నూటికి 3.4 వంతున నుండిరి. అంతకు ముందు 2015-16లో ఆ సంఖ్య 2.1 మాత్రమే. పెద్దపిల్లల విషయమున మార్పు మఱింత వేగముగా నున్నది. 5 నుండి 19 సంవత్సరముల వయస్సుగల స్థూలకాయులు మన దేశమున 1990లో సుమారు 4 లక్షలమంది. 2022 నాటికి సుమారు 1 కోటి 25 లక్షలమంది. ఒక వీథిలో నొక పిల్లవాడు తిండి చాలక కృశించుచుండగా, ప్రక్క వీథిలో మఱియొకడు తిండి మించి బాధపడుచున్నాడు. రెండును పోషణలోపములే. రెండవవానికి కూడ కావలసినంత మాంసకృత్తులు, ఆకుకూరలు, పండ్లు తఱచుగా లభించుట లేదు. అతనికి లభించునవి పిండి, చక్కెర, నూనె, ఉప్పు మాత్రమే.

బరువెట్లు పెరుగును? శరీరమును గృహస్థుని జమాఖర్చులతో పోల్చవచ్చును. ఆహారమువలన వచ్చు శక్తి జమ. గుండె కొట్టుకొనుట, ఊపిరి తీయుట, నడచుట, ఆడుట మొదలైనవి ఖర్చు. ఈ శక్తిని కిలోకేలరీలలో లెక్కింతురు. ఒక గ్రాము చక్కెరవలన 4 కిలోకేలరీలును, ఒక గ్రాము నూనెవలన 9 కిలోకేలరీలును లభించును. ఎదుగు పిల్లలకు కొంత మిగులవలసినదే. ఆ మిగులుతోనే ఎముకలు పొడుగగును, కండలు బలియును. కాని మిగులు మితిమీరినచో శరీర మా శక్తిని కొవ్వుగా మార్చి చర్మము క్రిందను, ఉదరమునందును దాచును. కరవుకాలమునకై రైతు గాదెలో ధాన్యము దాచినట్లే ప్రకృతి యీ యేర్పాటును చేసినది. కరవు రాకయే గాదె యేటేట నిండుచు పోయినచో, తుదకు ఆ గాదెయే యింటికి బరువగును.

ఈ జమ యెంత సులభముగా పెరుగునో చూడుడు. అంగళ్ళలో విక్రయించు కోలా వంటి కూల్‌డ్రింకులలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10, 11 గ్రాముల చక్కెర యుండును. 300 మిల్లీలీటర్లు త్రాగినవానికి 30 గ్రాములకు పైగా, అనగా ఆఱు చెంచాలకు పైగా చక్కెర లోనికి పోవును. 45 కిలోల బరువుగల బాలుడు ఆ శక్తిని నడచి ఖర్చుచేయవలయునన్నచో, సుమారు ముప్పావుగంట వడివడిగా నడువవలసియుండును. త్రాగుటకు పట్టునది రెండు నిమిషములు. పైగా, నమలవలసిన పని లేనందున ఆకలి తీరినట్లు తోచదు; వెంటనే అన్నము కూడ తినవచ్చును. జామకాయ తినినచో అట్లు కాదు. దానిని కొఱికి నమలవలయును. దానిలోని పీచు కడుపు నింపును. ఆహారమునకు చేర్చెడి చక్కెర మొత్తము శక్తిలో పదవవంతునకు మించరాదనియు, ఇరువదవవంతునకు తగ్గినచో మఱింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. దినమునకు 2,000 కిలోకేలరీల ఆహారము తినువారికి ఈ పరిమితులు 50 గ్రాములు, 25 గ్రాములు. పైని చెప్పిన కూల్‌డ్రింకుతోనే రెండవ పరిమితి దాటిపోవుచున్నది.

స్థూలకాయమును గూర్చిన విచారము క్రొత్తది కాదు. చరకసంహితయందు సూత్రస్థానమున 21వ అధ్యాయమున అతిస్థూలుని గూర్చియు, అతికృశుని గూర్చియు చర్చ కలదు. అతిగా తినుట, తీపిని జిడ్డును ఎక్కువగా సేవించుట, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర మొదలైనవి స్థౌల్యమునకు కారణములని అందు చెప్పబడినది. వీనితోపాటు బీజస్వభావము కూడ కారణముగా పేర్కొనబడినది. నేటి శాస్త్రజ్ఞులు దీనినే వంశపారంపర్యమందురు. ఒకే యింట పెరిగి, ఒకే తిండి తినిన ఇరువురు సోదరులలో నొకడు సన్నగాను, ఒకడు లావుగాను ఉండుట కిదియే ముఖ్యకారణము. అరుదుగా కొన్ని గ్రంథుల రోగములవలనను, కొన్ని మందులవలనను కూడ బరువు పెరుగును. కావున లావుగా నున్న పిల్లవానిని చూచి తిండిపోతనియు, సోమరియనియు నిందించుట అజ్ఞానము. బీజమును మార్చుట యెవరికిని సాధ్యము కాదు. ఆ బీజము పెరుగు నేలను, అనగా ఇంటి అలవాట్లను, మార్చుట సాధ్యము.

ఖర్చు వైపున జరిగిన మార్పు కూడ గమనింపదగినది. రెండు మూడు తరముల క్రిందట ఇల్లాలు బావినుండి నీరు తోడెను; రోటిలో పిండి రుబ్బెను; రోకలితో ధాన్యము దంచెను. పిల్లలు పొరుగూరి పాఠశాలకు నడచిపోయిరి. సాయంకాలము చెడుగుడు, బిళ్ళంగోడు, ఏడుపెంకులాట ఆడిరి. ఆ కష్టములు తిరిగి రావలయునని యెవరును కోరరు. యంత్రములు వచ్చి స్త్రీల నడుములను కాపాడినవి. కాని రుబ్బురోలు పోయినను, రుబ్బిన పిండితో చేసిన గారె మాత్రము పోలేదు. ఖర్చు తగ్గినది, జమ తగ్గలేదు, సరికదా పెరిగినది.

కదలిక యొక్క విలువను తెలుపు ప్రసిద్ధమైన పరిశోధన యొకటి లండను నగరమున జరిగినది. అచ్చటి బస్సులకు రెండంతస్తులు. డ్రైవరు దినమంతయు కూర్చుండును. ఆ కాలమున కండక్టరు టికెట్లిచ్చుటకై దినమునకు 500 మొదలు 750 వరకు మెట్లెక్కుచుండెను. జెరెమీ మోరిస్ అను వైద్యుడు, అతని సహచరులు 1953లో ప్రకటించిన ఫలితములనుబట్టి, కండక్టర్లకు గుండెజబ్బు డ్రైవర్లకంటె తక్కువగా వచ్చెను. లావుగా నున్నవారే డ్రైవర్లుగా చేరిరేమో యను సందేహము కలుగవచ్చును. నిజముగనే, సంస్థవారు కుట్టించి యిచ్చిన దుస్తుల కొలతలను పరిశీలింపగా డ్రైవర్ల నడుము చుట్టుకొలత పెద్దదని 1956లో వారే తెలిపిరి. ఐనను, ఉత్తరములు పంచుచు తిరుగు తపాలావారికిని, కూర్చుండి పనిచేయు గుమాస్తాలకును నడుమ కూడ అట్టి భేదమే కనబడెను. వారెవరును వ్యాయామశాలకు పోయినవారు కారు. వారి దినచర్యలోనే నడకయు మెట్లును ఇమిడియుండెను. ఈ విషయము గుర్తుంచుకొనదగినది.

ఈ సూత్రములు ఒక యింటిలో నెట్లు పనిచేయునో తెలిసికొనుటకై, కృష్ణాతీరమునందలి యొక పట్టణమున నివసించు కుటుంబము నుదాహరణముగా గ్రహింపవచ్చును. ఇట్టి కుటుంబములు నేడు ప్రతి పట్టణమునను కానవచ్చును. తండ్రి యొక వర్తకుని యొద్ద లెక్కలు వ్రాయును. తల్లి ఉపాధ్యాయిని. వారితోపాటు నాయనమ్మయు, ఎనిమిదవ తరగతి చదువు బాలుడును, అతని చెల్లెలును ఉండిరి. నివాసము మూడవ అంతస్తు. ఎక్కుటకు లిఫ్టు కలదు. పాఠశాల కిలోమీటరు దూరమే యైనను పిల్లలు ఆటోలో పోవుదురు. సాయంకాలము ట్యూషను. రాత్రి అందరును టెలివిజను నెదుట పళ్ళెములు పట్టుకొని కూర్చుండెదరు. ఆదివారమునాడు హోటలునుండి బిర్యానీయు, దానితో పెద్ద సీసా కూల్‌డ్రింకును వచ్చును.

బాలుడు చదువులో చురుకైనవాడు. కాని రెండేండ్లలో అతని బరువు ఎత్తును మించి పెరిగెను. పరుగుపందెమున అందరికంటె వెనుక మిగిలిననాడు ఒక తోటి బాలుడు అతనిని "బస్తా" యని పిలిచెను. ఆ పేరు తరగతి యంతయు వ్యాపించెను. అది మొదలు అతడు ఆటస్థలమునకు పోవుట మానెను. ఆటల గంట వచ్చినప్పుడు కడుపునొప్పి యనియో, కాలినొప్పి యనియో చెప్పి తరగతిగదిలోనే కూర్చుండెను. ఆడనందున బరువు పెరిగెను. బరువు పెరిగినందున ఆడుటకు సిగ్గు కలిగెను. ఈ విధముగా పరిహాసము కూడ రోగమునకు కారణమగును.

పాఠశాలలో జరిగిన వైద్యపరీక్షానంతరము తండ్రి యతనిని వైద్యుని యొద్దకు గొనిపోయెను. వైద్యుడు ఎత్తును, బరువును, నడుము చుట్టుకొలతను, రక్తపుపోటును చూచి యిట్లు చెప్పెను. "ప్రస్తుతము రోగమేమియు లేదు. కాని రక్తపుపోటు ఈ వయస్సునకు ఉండవలసినదానికంటె కొంచెము హెచ్చుగా నున్నది. ఇంటిలో తిండిని, అలవాట్లను మార్చుకొనుడు." వైద్యుడు 'ఇంటిలో' అనెను. తండ్రి దానిని 'పిల్లవానికి' అని గ్రహించెను.

మఱునాటినుండి బాలునికి వేరు వంట యారంభమయ్యెను. అందరికి వేపుడు, అతనికి ఉడికించిన సొరకాయ. అందరికి అన్నము, అతనికి రెండు పుల్కాలు. ఆదివారమునాడు తక్కినవారు బిర్యానీ తినుచుండగా, ఆ వాసన తగులకుండుటకై అతడు వేరుగదిలో కూర్చుండెను. చెల్లెలు కూల్‌డ్రింకు త్రాగుచు అతని వైపు చూచి, చూపు త్రిప్పుకొనెను. పదునైదు దినములు గడచెను. ఒకనాడు తండ్రి జేబులో నుండవలసిన యేబది రూపాయలు కనబడలేదు. ఆ సాయంకాలమే నాయనమ్మ గది యూడ్చుచు మంచము క్రింద నాలుగు చిప్సు పొట్లములను, రెండు చాక్లెట్టు కాగితములను చూచెను.

తండ్రి కోపముతో చేయి యెత్తెను. నాయనమ్మ అడ్డము వచ్చి యిట్లనెను. "ఆగు నాయనా! వాడు దొంగిలించినది తప్పే. దానిని నేనును కాదనను. మఱి పదునైదు దినములనుండి మనమందరము చేయుచున్న తప్పు మాటయేమి? ఒకే కప్పు క్రింద ఒకనికి వేపుడు, ఒకనికి ఉడకబెట్టిన ముక్కలు. మా యత్తగారు బ్రదికియుండగా నిట్టి పంక్తిభేదము చేసినచో నన్ను వంటయింటిలోనికి రానిచ్చెడిది కాదు. సొరకాయ మంచిదైనచో మనకును మంచిదే. బిర్యానీ చెడ్డదైనచో మనకును చెడ్డదే. వాని నొక్కని పంక్తిలోనుండి లేపినారు. వాడు చీకటిలో వేరు పంక్తి వేసికొన్నాడు."

తండ్రి మాటాడలేదు. బాలుడు తొలిసారిగా తరగతిలోని పేరును గూర్చి చెప్పి యేడ్చెను. తల్లి యతనిని దగ్గరకు తీసికొని, "ఇన్నాళ్ళు చెప్పలేదేమిరా?" యని యడిగెను. "చెప్పినచో నీవును నా తిండి వైపే చూచెదవని చెప్పలేదమ్మా" యని యతడు బదులు చెప్పెను.

ఆ రాత్రియే ఇంటిలో క్రొత్త పద్ధతి నిశ్చయింపబడెను. వంట అందరికిని ఒక్కటే. వేపుడు వారమున కొకనాడు, అదియు అందరికి. తక్కిన దినములలో తోటకూర పప్పు, గోంగూర, వంకాయ, బీరకాయ, సాంబారు. మాంసము వండిన దినమున నూనె తగ్గించి వండుట. పళ్ళెములో కూరలు ముందు, అన్నము తరువాత వడ్డింపవలయును. కూల్‌డ్రింకు కొనుట మాని, దానికి బదులుగా మజ్జిగకుండ యుంచవలయును. ఇంటిలో లేనిదానిని తినవద్దని యెవరికిని చెప్పనక్కరలేదు కదా! భోజనవేళ టెలివిజనును, సెల్‌ఫోనును ముట్టరాదు. పిల్లలిరువురును పాఠశాలకు నడచి పోవలయును. నాయనమ్మ తప్ప తక్కినవారు మెట్లెక్కవలయును. ఆదివారము సాయంకాలము అందరును కృష్ణ యొడ్డునకు పోయి నడువవలయును.

ఈ పద్ధతి నిరాటంకముగా సాగెనని చెప్పరాదు. మొదటి వారము మూడవ అంతస్తు చేరునప్పటికి తండ్రికే ఎక్కువ ఆయాసము వచ్చెను. ఒకనాడు బాలుడు ట్యూషనునుండి వచ్చుచు, వీథిమలుపునందు మిర్చిబజ్జీలు తినుచున్న తండ్రిని చూచెను. తండ్రి చేతిలోని పొట్లమును వెనుకకు దాచెను. ఇరువురును కొంతసేపు ఒకరినొకరు చూచుకొని నవ్విరి. "నీ మంచము క్రిందికంటె నా చోటేమియు మెరుగుగా లేదురా" యని తండ్రి యొప్పుకొనెను. సంక్రాంతికి అరిసెలు వచ్చెను, అందరును తినిరి. పండుగ గడచిన తరువాత మఱల పాతపద్ధతికి పోకుండ జాగ్రత్తపడిరి. ఒకనాటి అరిసె ఎవరిని చెఱుపదు. ప్రతినాటి అలవాటే చెఱుపును.

ఒక సంవత్సరము గడచెను. బాలుని బరువు ఇంచుమించుగా నంతే యుండెను. కాని ఎత్తు 6 సెంటీమీటర్లు పెరిగెను. రక్తపుపోటు సరియైన స్థితికి వచ్చెను. తండ్రి నడుముపట్టీ రెండు రంధ్రములు లోనికి వచ్చెను. నాయనమ్మకు మోకాలినొప్పి కొంత తగ్గెను. బాలుడు పరుగుపందెములో గెలువలేదు. కాని కబడ్డీ ఆటలో పట్టుటకు బలమైనవాడు కావలసివచ్చినప్పుడు జట్టువారతనిని పిలిచిరి; అతడు పోయెను. పాతపేరు కొంతకాలము వినబడి, పిలిచినను పలుకువాడు లేనందున తనంతట తానే అణగిపోయెను.

ఇందలి వైద్యరహస్య మొకటి పిల్లలు తప్పక తెలిసికొనవలయును. ఎదుగుచున్న బాలునకు చాలసారులు బరువు తగ్గింపవలసిన పని లేదు. బరువును పెరుగనీయక నిలుపగలిగినచో, ఎత్తే పెరిగి లెక్కను సరిచేయును. కావున ఉపవాసములు చేయుట, ఒకపూట తిండి మానుట, ప్రకటనలు చూచి మందులు పొడులు మ్రింగుట మిక్కిలి ప్రమాదము. అట్లు చేసినచో ఎముకలు, కండలు, రక్తము దెబ్బతినును. బరువు అధికమా కాదా యను నిర్ణయము కూడ అద్దమును చూచి చేయరాదు. ఎత్తును, బరువును, వయస్సును, బాలుడా బాలికయా యను విషయమును కలిపి పట్టికతో పోల్చి వైద్యుడే చెప్పవలయును. ఉపేక్షించుట కూడ తగదు. స్థూలకాయము పెద్దవయస్సు వరకు వెంటవచ్చుట తఱచు. దానితో మధుమేహము, అధిక రక్తపుపోటు, కాలేయమున కొవ్వు చేరుట, నిద్రలో ఊపిరి యాడకుండుట, కీళ్ళనొప్పులు కలుగుట కవకాశము కలదు. పెద్దవారికే వచ్చునని తలచిన మధుమేహము నేడు పాఠశాల పిల్లలలోను కానవచ్చుచున్నది.

ఒక యింటిలో జరిగినది ఊరిలోను జరుగవచ్చును. ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున ఫ్లూర్‌బే, లావాంతీ యను రెండు చిన్న పట్టణములలో 1992లో పాఠశాలలయందు ఆహారమును గూర్చిన బోధన నారంభించిరి. పిల్లలు బడిలో నేర్చినది ఇంటికి చేర్చిరి. పిదప పట్టణ పెద్దలు ఆటలకు, నడకకు వసతులు కల్పించిరి. మొదటి సంవత్సరములలో బరువునందు ఫలితమేమియు కనబడలేదు. ఐనను వారు విడువలేదు. 2004 నాటికి ఆ పట్టణములలో అధికబరువుగల పిల్లలు నూటికి సుమారు 9 మంది మాత్రమే. పోలికకై తీసికొన్న యితర పట్టణములలో సుమారు 18 మంది. ఓపిక యొక్క ఫలమిది. మన దేశమున కూడ, చక్కెర, ఉప్పు, కొవ్వు అధికముగా గల పదార్థములను బడిద్వారమునకు 50 మీటర్లలోపల విక్రయింపరాదని 2020లో నియమము చేయబడినది. నియమము కాగితముమీద నుండును; దానికి ప్రాణము పోయువారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు.

ఇంటిలో పాటింపదగిన విషయములు కొన్నియే. అవి కష్టములును కావు.

మొదటిది, పళ్ళెము. 2,000 కిలోకేలరీల దినాహారములో 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండవలయునని జాతీయ పోషకాహార సంస్థ సూచించినది. తెలుగువారి పళ్ళెములో అన్నము కొండవలెను, కూర గుట్టవలెను ఉండుట వాడుక. ఆ రెండు తమ స్థానములను మార్చుకొన్నచో చాలవఱకు పని నెరవేరును. రాగిసంకటి, జొన్నరొట్టె, పెసరట్టు, ఉడికించిన సెనగలు, గ్రుడ్లు, పెరుగు – ఇవి దూరదేశములనుండి తెప్పింపవలసినవి కావు.

రెండవది, తినెడి విధము. కడుపు నిండినదను వార్త మెదడునకు చేరుటకు కొంతకాలము పట్టును. వేగముగా తినువాడు ఆ వార్త వచ్చులోపలనే అధికముగా తినును. తెరను చూచుచు తినువానికి ఆ వార్త వచ్చినను వినబడదు. పిల్లవాడు చాలు ననినప్పుడు "ఇంకొక్క ముద్ద" యని బలవంతము చేయుట ప్రేమవలె కనబడును. కాని అది ఆకలి చెప్పు మాటను వినకుండ పిల్లవానిని అలవాటు చేయుటయే. బహుమానముగా మిఠాయిని, శిక్షగా కూరను చూపుట కూడ తగదు. అట్లు చేసినచో మిఠాయి దేవతయు, కూర దయ్యమును అగును.

మూడవది, కదలిక. 5 నుండి 17 సంవత్సరముల వయస్సుగలవారు దినమునకు సగటున 60 నిమిషములైనను ఊపిరి వేగమగునట్లు శ్రమింపవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపినది. అది ఒకేసారి చేయనక్కరలేదు. బడికి నడక, మెట్లు, ఇంటిపని, తాడాట, సైకిలు – అన్నియు ఆ లెక్కలోనివే. లండను కండక్టరు చేసినదియు నిదియే. ఆడపిల్లలను పెద్దవారైరని ఆటస్థలమునకు పంపకుండుట తగదు. ఎముకయు, గుండెయు వారికిని ఒక్కటే.

నాలుగవది, నిద్ర. ఈ వయస్సువారికి రాత్రి 8 నుండి 10 గంటల నిద్ర యవసరము. నిద్ర చాలనివారికి ఆకలిని కలిగించు రసము పెరిగి, తృప్తిని కలిగించు రసము తగ్గును. అర్ధరాత్రి వఱకు సెల్‌ఫోను చూచువానికి అర్ధరాత్రియే ఆకలి వేయుటలో ఆశ్చర్యమేమున్నది?

ఈ నాలుగింటికిని ఆధారమైనది ఐదవది. అదియే పంక్తి. ఒక్క పిల్లవానిని వేరుచేసి సంస్కరింపబూనుట సాధ్యము కాదు. తండ్రి సోఫామీద కూర్చుండి కుమారునితో "పోయి ఆడుకొనుము" అన్నచో ఆ మాటకు బలముండదు. చేతిలో బజ్జీ పట్టుకొని చెప్పిన హితవు చెవికెక్కదు. పిల్లలు పెద్దల మాటలను విందురు; కాని వారి నడవడినే నేర్తురు. అట్లే విద్యార్థి కూడ పెద్దల కొఱకు వేచియుండనక్కరలేదు. పళ్ళెములో ఒక కూర పెంచుమని తల్లినడుగుటకు, సాయంకాలము నడకకు నాయనమ్మ చేయి పట్టుకొని తీసికొనిపోవుటకు, తోటివానికి పెట్టిన వెక్కిరింపుపేరును తన నోట పలుకకుండుటకు పదమూడేండ్ల వయస్సు చాలును.

వడ్డనలో భేదము చూపరాదని పూర్వులు చెప్పిరి. ఆ మాటకు నేడు మఱియొక యర్థము చేరినది. ఆరోగ్యము కూడ పంక్తిలోనే వడ్డింపబడును. అది అందరికిని వచ్చినప్పుడే, చివర తలవంచుకొని కూర్చుండిన పిల్లవానికిని వచ్చును.